కారు మెదడుకు జబ్బు చేస్తే

1943 జులైలో ఒకరోజు అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరాన్ని గోధుమరంగు మబ్బు కమ్మేసింది. జనం కళ్లు మండాయి, గొంతులు పట్టేశాయి. నాలుగైదు వీధుల అవతల ఏముందో కనిపించలేదు. అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. శత్రువులు విషవాయువు వదిలారేమోనని కొందరు భయపడ్డారు. కానీ ఆ మబ్బు మళ్లీ మళ్లీ వచ్చింది. యుద్ధం ముగిసిన తర్వాతా వచ్చింది.

దాని గుట్టు విప్పినవాడు ఏరీ హాగెన్-స్మిట్ అనే రసాయనశాస్త్రవేత్త. నెదర్లాండ్స్‌లో పుట్టి, కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేస్తున్న ఆయన అప్పటిదాకా పరిశోధించింది అనాసపండు వాసన మీద! పండు వాసనను పట్టి విశ్లేషించే పద్ధతితోనే ఆయన నగరపు గాలినీ పట్టి చూశాడు. కార్లు వదిలే పొగలో కాలకుండా మిగిలిన హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండ తగిలి ఓజోన్ వంటి ఘాటైన పదార్థాలుగా మారుతున్నాయని 1950ల మొదట్లో నిరూపించాడు. నేరస్థులు శత్రు సైనికులు కాదు, సొంత ఊరి కార్లే అన్నమాట.

కారులోని కంప్యూటర్ గురించి చెబుతూ ఈ పొగ గోల దేనికని మీకు అనిపించవచ్చు. ఆ పొగే లేకపోతే ఇవాళ కారులో కంప్యూటర్ ఇంత తప్పనిసరి అయ్యేది కాదు. దానికి జబ్బు చేసినప్పుడు ఎలా కనిపెట్టాలి, ఎప్పుడు మార్చాలి, ఆ పని చేసే హక్కు ఎవరిది అనే ప్రశ్నలూ వచ్చేవి కావు. అందుకే కథ అక్కడే మొదలుపెట్టాలి.

కార్బురేటర్ ఎందుకు ఓడిపోయింది?

పెట్రోలు పూర్తిగా కాలాలంటే ఒక కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి తక్కువైతే కార్బన్ మోనాక్సైడ్, కాలని హైడ్రోకార్బన్లు పెరుగుతాయి. గాలి ఎక్కువైతే ఇంజన్ తడబడుతుంది.

ఈ కలయికను దాదాపు వందేళ్లపాటు కార్బురేటర్ చూసుకుంది. సన్నని గొట్టంలో గాలి వేగంగా పోతే అక్కడ పీడనం తగ్గుతుందని మీరు బెర్నూలీ సూత్రంలో చదువుకున్నారు. ఆ పీడనం తేడాయే పెట్రోలును పైకి లాగి గాలిలో చిమ్ముతుంది. ఎంతో తెలివైన ఏర్పాటే. కానీ కార్బురేటర్‌కు తాను చేసిన పని ఫలితం తెలియదు. పొగగొట్టంలోంచి ఏం బయటికి పోతోందో దానికి కబురందదు. చలిలో, ఎండలో, కొండమీద, మైదానంలో అది తన అంచనాతోనే పనిచేస్తుంది.

1970 డిసెంబరు 31న అమెరికాలో పరిశుభ్ర వాయు చట్టం సవరణలు అమల్లోకి వచ్చాయి. 1970 నాటి కార్లతో పోలిస్తే 1975 మోడళ్లలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు 90 శాతం తగ్గాలని ఆ చట్టం ఆదేశించింది. గడువులు కొన్నిసార్లు వాయిదా పడ్డాయి. దిశ మాత్రం మారలేదు. 1975 మోడళ్లలో ఉత్ప్రేరక కన్వర్టర్ వచ్చింది. ప్లాటినం వంటి లోహాల పూత మీదుగా పొగ పోతున్నప్పుడు విషవాయువులు హానిలేని వాయువులుగా మారతాయి. సీసం కలిసిన పెట్రోలు ఈ పూతను పాడుచేస్తుంది కాబట్టి సీసం లేని పెట్రోలూ తప్పనిసరయింది.

తర్వాత వచ్చిన మూడంచెల కన్వర్టర్ కార్బన్ మోనాక్సైడ్‌ను, హైడ్రోకార్బన్లను, నైట్రోజన్ ఆక్సైడ్లను ఒకేసారి తగ్గించగలదు. కానీ దానికొక పట్టింపు ఉంది. గాలి, పెట్రోలు నిష్పత్తి 14.7కు అతి దగ్గరగా ఉంటేనే అది మూడు పనులూ చేస్తుంది. అంత ఖచ్చితత్వం కార్బురేటర్ వల్ల కాలేదు.

తొందరపడి పుట్టిన బిడ్డ

పెట్రోలును విద్యుత్ కవాటాల ద్వారా కొలిచి చిమ్మాలనే ఆలోచన అప్పటికే ఉంది. అమెరికాలో బెండిక్స్ సంస్థ ‘ఎలక్ట్రోజెక్టర్’ అనే ఏర్పాటును తయారుచేసింది. క్రిస్లర్ సంస్థ దాన్ని 1958 మోడళ్లలో కొన్ని కార్లకు బిగించింది. అమ్మినవి కొద్ది డజన్లే. నాటి విడిభాగాలు ఇంజన్ వేడికీ, కుదుపులకూ తట్టుకోలేకపోయాయి. వాటిలో చాలా కార్లకు తిరిగి కార్బురేటర్లే బిగించారు. ఎలక్ట్రానిక్ నియంత్రణ చరిత్రలో తొలి మరమ్మతు ఆ పరికరాన్ని పీకి పారేయడమే!

ఆలోచన మాత్రం చావలేదు. బెండిక్స్ పేటెంట్ల ఆధారంగా జర్మనీలోని బాష్ సంస్థ ‘డి-జెట్రానిక్’ను తయారుచేసింది. 1967లో అది ఫోక్స్‌వాగన్ 1600 కారులో వచ్చింది. దాని కంట్రోల్ పెట్టెలో ట్రాన్సిస్టర్లున్నాయి గానీ మైక్రోప్రాసెసర్ లేదు. ఇంటెల్ 4004 అనే తొలి వాణిజ్య మైక్రోప్రాసెసర్ వచ్చింది 1971లో మరి.

1976లో మరో ముఖ్యమైన పరికరం వచ్చింది. కాలిఫోర్నియాలో అమ్మే వోల్వో కార్లలో బాష్ వారి ఆక్సిజన్ సెన్సర్‌ను పొగగొట్టానికి బిగించారు. ఇది జిర్కోనియా పింగాణీతో చేసిన చిన్న ఘటం. ఒకవైపు బయటి గాలి, రెండోవైపు పొగ ఉంటాయి. రెండు వైపులా ఆక్సిజన్ గాఢతలో తేడా ఉంటే వోల్టేజి పుడుతుంది. ఇంటర్మీడియట్‌లో మీరు చదివే నెర్న్‌స్ట్ సమీకరణమే ఇక్కడ పనిచేస్తోంది. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కాక, పొగలో ఆక్సిజన్ తక్కువుంటే ఇది 0.9 వోల్టుల దాకా ఇస్తుంది. ఎక్కువుంటే 0.1 వోల్టుకు పడిపోతుంది. కార్బురేటర్‌కు అందని కబురు ఇప్పుడు అందింది.

ఇక ఆ కబురు విని నిర్ణయం తీసుకునే మెదడు కావాలి. జనరల్ మోటార్స్ 1977 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో కారులో స్పార్కు సమయాన్ని నిర్ణయించడానికి మైక్రోప్రాసెసర్‌ను వాడింది. ఫోర్డ్ సంస్థ 1978 మోడల్ లింకన్ వర్సెయిల్స్‌లో జపాన్‌కు చెందిన తోషిబా చేసిన మైక్రోప్రాసెసర్‌ను వాడింది. 1979లో బీఎండబ్ల్యూ 732ఐ కారులో వచ్చిన బాష్ ‘మోట్రానిక్’ పెట్రోలునూ, స్పార్కునూ ఒకే డిజిటల్ పెట్టెలోంచి నడిపించింది. ఈ పెట్టెనే ఎలక్ట్రానిక్ కంట్రోల్ మాడ్యూల్ అంటున్నాం. మన మెకానిక్కులు దాన్ని ముద్దుగా ‘ఈసీఎం’ అనో ‘ఈసీయూ’ అనో పిలుస్తారు.

దాని పని ఎంత చురుకుగా ఉండాలో మీరే లెక్క వేయండి. నిమిషానికి 3000 సార్లు తిరిగే ఇంజన్ ఒక చుట్టుకు 20 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌కు రెండు చుట్లకొకసారి పెట్రోలు కావాలి. అంటే 40 మిల్లీసెకన్లకొకసారి గాలి ఎంత వచ్చింది, ఇంజన్ ఎంత వేడిగా ఉంది, పొగలో ఆక్సిజన్ ఎంతుంది అని చూసి, కవాటాన్ని ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో తేల్చాలి.

దీపం మాట్లాడటం నేర్చింది

అంతవరకూ మెకానిక్కు ఇంజన్ చప్పుడు విని, పొగరంగు చూసి, స్పార్కు ప్లగ్గు మీది మసిని తడిమి జబ్బు చెప్పేవాడు. ఈ కొత్త పెట్టెకు చప్పుడు లేదు, వాసన లేదు. మూత తీసినా ఏమీ కదలదు. మరి దాని జబ్బు ఎవరు చెప్పాలి? చివరికి అదే చెప్పాల్సి వచ్చింది.

జనరల్ మోటార్స్ 1981లో అమెరికాలో అమ్మిన తన పెట్రోలు కార్లలో దాదాపు అన్నింటికీ కంప్యూటర్ నియంత్రణ పెట్టింది. డాష్‌బోర్డు మీద ‘ఇంజన్‌ను చూపించండి’ అని హెచ్చరించే దీపం వెలిగేది. డ్రైవర్ కాళ్ల దగ్గరున్న కనెక్టర్‌లో రెండు పిన్నులను చిన్న తీగతో కలిపితే ఆ దీపమే మినుకుమినుకుమంటూ అంకెలు చెప్పేది. ఒకసారి వెలిగి, కాస్త ఆగి, రెండుసార్లు వెలిగితే 12. అంటే పరీక్షా వ్యవస్థ బాగానే ఉందని. 13 అంటే ఆక్సిజన్ సెన్సర్ వలయంలో లోపం. 44 అంటే పొగలో ఆక్సిజన్ ఎక్కువగా ఉందని. మెకానిక్కు పుస్తకం తెరిచి అంకెకు అర్థం చూసుకునేవాడు.

ఇక్కడే ఒక పెద్ద పొరపాటు పుట్టింది. అది ఇప్పటికీ పోలేదు. కోడ్ 13 వచ్చిందంటే ఆక్సిజన్ సెన్సర్ పోయిందని చాలామంది అనుకున్నారు. కంప్యూటర్ అన్నది ఆ మాట కాదు. ‘ఆ తీగమీద వచ్చే వోల్టేజి నాకు నమ్మబుద్ధి కావడం లేదు’ అని మాత్రమే. సెన్సర్ చెడి ఉండవచ్చు, తీగ తెగి ఉండవచ్చు, కనెక్టర్‌కు తుప్పు పట్టి ఉండవచ్చు. సెన్సర్ మార్చినా దీపం ఆరకపోతే, ‘అయితే కంప్యూటరే పోయింది’ అని దాన్నీ మార్చేవారు. తలనొప్పికి తలగడ మార్చినట్టు!

ఒక ఉదాహరణ చూద్దాం. ఇంజన్‌లోని నీటి వేడిని థర్మిస్టర్ కొలుస్తుంది. వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. కంప్యూటర్ తనలోని 2500 ఓమ్‌ల నిరోధకం గుండా 5 వోల్టులు పంపుతుందనుకోండి. 20 డిగ్రీల వద్ద థర్మిస్టర్ నిరోధం కూడా 2500 ఓమ్‌లైతే కంప్యూటర్‌కు కనిపించేది సగం, అంటే 2.5 వోల్టులు. ఇంజన్ బాగా వేడెక్కి నిరోధం 280 ఓమ్‌లకు తగ్గితే కనిపించేది దాదాపు 0.5 వోల్టు. ఇప్పుడు తీగ తెగిందనుకోండి. నిరోధం అనంతం, వోల్టేజి 5. ఆ పాఠానికి అర్థం భరించలేని చలి. మండువేసవిలో రాజమండ్రి రోడ్డు మీద నిలబడ్డ కారు తాను మంచుకొండల్లో ఉన్నానని నమ్మి పెట్రోలు ఎక్కువగా చిమ్ముతుంది, నల్లపొగ వదులుతుంది. ఇలాంటి అసాధ్యమైన పాఠాలను పట్టుకుని కోడ్ నమోదు చేయడం, ఆ సెన్సర్‌ను పక్కనపెట్టి ఒక ఊహా విలువతో నడిపించడం కంప్యూటర్‌కు నేర్పారు. ఈ కథలో కంప్యూటర్ నేరస్థుడు కాదు, సాక్షి.

పదహారు పిన్నుల ఒప్పందం

1980లలో ఒక్కో కంపెనీ కారుది ఒక్కో భాష. కనెక్టర్ ఒకచోట ఉండేది కాదు, కోడ్‌లు కలిసేవి కావు. పదిరకాల కార్లు బాగుచేసే మెకానిక్కు పదిరకాల పరికరాలు కొనాలి. ఈ చిక్కు విప్పింది కూడా పొగే. కారు కొన్నప్పుడు శుభ్రంగా ఉంటే చాలదు, వాడుతున్నన్నాళ్లూ శుభ్రంగా ఉండాలి. అందుకు పొగను పెంచే లోపం వస్తే కారే చెప్పాలి. కాలిఫోర్నియా వాయు వనరుల మండలి 1988 మోడళ్ల నుంచి తొలిదశ స్వీయపరీక్షను తప్పనిసరి చేసింది. ఈ మండలికి తొలి అధ్యక్షుడు ఎవరనుకున్నారు? మన అనాసపండు శాస్త్రవేత్త హాగెన్-స్మిటే!

రెండో దశ 1994లో మొదలై, 1996 మోడళ్ల నుంచి అమెరికా అంతటా తప్పనిసరయింది. దీన్ని ఓబీడీ-2 అంటారు. డ్రైవర్‌కు చేరువలో, డాష్‌బోర్డు కింద ఒకే ఆకారపు 16 పిన్నుల కనెక్టర్ ఉండాలి. కోడ్‌లు అందరివీ ఒకటే కావాలి. పీ0301 అంటే ఏ కంపెనీ కారైనా ఒకటో సిలిండర్‌లో మంట సరిగా అంటుకోవడం లేదని. పీ0118 అంటే మనం చెప్పుకున్న థర్మిస్టర్ వలయంలో వోల్టేజి మరీ ఎక్కువైందని. పీ0601 అంటే కంప్యూటర్ తన జ్ఞాపకాన్ని తానే కూడి చూసుకుంటే లెక్క తేలలేదని. అది తన తప్పును తాను ఒప్పుకునే అరుదైన సందర్భం.

కార్లలో కంప్యూటర్లు ఎక్కువయ్యేసరికి అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాల్సి వచ్చింది. 1986లో బాష్ ప్రకటించిన ‘క్యాన్’ పద్ధతిలో రెండే తీగల మీద అన్ని కంప్యూటర్లూ మాట్లాడుకుంటాయి. 2008 మోడళ్ల నుంచి అమెరికాలో స్వీయపరీక్షకు కూడా ఇదే తప్పనిసరయింది.

ముద్దాయి మీద విచారణ

ఇప్పుడు మీరు ఒక కారు ముందు నిలబడ్డారనుకోండి. ఇంజన్ అంటుకోవడం లేదు, స్కానర్ పెడితే కంప్యూటర్ పలకడం లేదు. కంప్యూటర్ చచ్చిపోయిందని తీర్పు చెప్పేద్దామా? ఆగండి. ఏ కంప్యూటరైనా బతకాలంటే నాలుగు కావాలి: కరెంటు రావాలి, కరెంటు తిరిగిపోవాలి, సెన్సర్ల నుంచి కబురు రావాలి, మాట బయటికి పోవాలి. ఈ వరుసలోనే అడుగుదాం.

మొదటి ప్రశ్న బ్యాటరీకి. ఇంజన్ తిప్పేటప్పుడు వోల్టేజి బాగా పడిపోతే కంప్యూటర్ పనిచేయదు. బ్యాటరీ బలహీనమైతే రకరకాల అర్థంలేని కోడ్‌లు వస్తాయి. తర్వాత ఫ్యూజులు, కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే రిలే.

రెండో ప్రశ్న ఎర్తుకు. దీన్నే చాలామంది మరిచిపోతారు. కంప్యూటర్ నుంచి కారు బాడీకి పోయే తీగ దగ్గర తుప్పువల్ల 0.2 ఓమ్ నిరోధం వచ్చిందనుకోండి. ఓమ్‌మీటరు దాన్ని దాదాపు సున్నా అనే చూపిస్తుంది. కానీ ఆ దారిలో 5 ఆంపియర్లు పారితే ఓమ్ సూత్రం ప్రకారం 5 × 0.2 = 1 వోల్టు అక్కడే పోతుంది. సెన్సర్ల మాటను అయిదు వోల్టుల కొలబద్దతో వినే కంప్యూటర్‌కు ఒక వోల్టు తేడా అంటే లోకమంతా తలకిందులే. అందుకే ఎర్తు తీగను కరెంటు పారుతుండగా, మల్టీమీటరును వోల్టుల మీద పెట్టి పరీక్షించాలి. సాధారణంగా 0.1 వోల్టు మించకూడదు.

మూడో ప్రశ్న సెన్సర్లకు. కంప్యూటర్ ఇచ్చే 5 వోల్టులను కొన్ని సెన్సర్లు పంచుకుంటాయి. వాటిలో ఒక్కటి లోపల షార్టయితే అందరి వోల్టేజీ పడిపోతుంది, కొన్ని కార్లలో కంప్యూటర్ మూగబోతుంది. సెన్సర్లను ఒక్కొక్కటిగా విప్పుతూ పోతే దేన్ని విప్పినప్పుడు 5 వోల్టులు తిరిగివచ్చాయో అదే దొంగ. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఒక చిన్న సెన్సర్ చేసిన తప్పుకు కంప్యూటర్‌ను బలిపెట్టిన సందర్భాలు ఎన్నో.

నాలుగో ప్రశ్న మాట్లాడే తీగలకు. క్యాన్ తీగల రెండు చివర్లా ఒక్కో 120 ఓమ్‌ల నిరోధకం ఉంటుంది. రెండూ సమాంతరంగా ఉన్నాయి కాబట్టి కనెక్టర్‌లోని 6, 14 పిన్నుల మధ్య 60 ఓమ్‌లు రావాలి. బ్యాటరీ తీసేసి కొలవండి. 120 వస్తే ఒకచోట దారి తెగింది. సున్నాకు దగ్గరగా వస్తే రెండు తీగలూ తాకుతున్నాయి. పదో తరగతి భౌతికశాస్త్రంతో వేల రూపాయల ఖర్చు తప్పిపోవచ్చు!

ఈ నాలుగూ బాగుండి, అప్పటికీ కంప్యూటర్ పలక్కపోతే, లేదా కబురు సరిగా అందుతున్నా జవాబు తప్పుగా ఇస్తుంటే, అప్పుడు అనుమానం దానిమీదికి రావాలి. అవీ చెడతాయి, సందేహం లేదు. వేడెక్కి చల్లారే లెక్కలేనన్ని ఆవృతాల్లో టంకం అతుకులు బీటలు వారతాయి. పాత వాటిలో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు కారి బోర్డును తినేస్తాయి. వాహనం మీద ఆర్కు వెల్డింగ్ చేసేటప్పుడు కంప్యూటర్‌ను విడదీయకపోయినా, జంప్ స్టార్ట్‌లో తీగలు తారుమారైనా ప్రమాదమే. 2015 డిసెంబరులో చెన్నైలో, 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో విజయవాడలో వరదనీటిలో మునిగిన కార్లను గుర్తుచేసుకోండి. నీరు కనెక్టర్‌లోకి దూరుతుంది. కొన్నిసార్లు తీగ తొడుగు లోపలినుంచే కేశనాళికలో పాకినట్టు పాకి కంప్యూటర్ దాకా వస్తుంది. తుప్పు పని ఆరంభించేది నీరు ఆరిన తర్వాత.

మార్చడం అంటే బిగించడం కాదు

ముద్దాయి దోషే అని తేలింది. కొత్తది తెచ్చి బిగిస్తే సరిపోతుందా? 1980లలో జనరల్ మోటార్స్ కంప్యూటర్‌ను మార్చే మెకానిక్కు మరో చిన్న శస్త్రచికిత్స చేయాల్సి వచ్చేది. ఆ కారు బరువు, ఇంజన్, గేర్లకు తగిన లెక్కలన్నీ ‘ప్రోమ్’ అనే చిన్న చిప్పులో ఉండేవి. కొత్త పెట్టె ఆ చిప్పు లేకుండానే వచ్చేది. పాతదాంట్లోంచి చిప్పును జాగ్రత్తగా ఊడదీసి కొత్తదాంట్లో పెట్టాలి. కాలు వంగితే కోడ్ 51 పలికేది. తిరగేసి పెట్టి తాళం తిప్పితే చిప్పు కాలిపోయేది.

ఆ కాలపు మరమ్మతు పుస్తకాల్లో మరో హెచ్చరిక ఉండేది: కొత్త కంప్యూటర్ పెట్టేముందు అది నడిపే ప్రతి సోలినాయిడ్, రిలే చుట్టల నిరోధం కొలవండి, 20 ఓమ్‌లకన్నా తక్కువున్నదాన్ని మార్చండి. ఎందుకో లెక్క చూడండి. 14 వోల్టుల వద్ద 20 ఓమ్‌ల చుట్ట తీసుకునేది 0.7 ఆంపియర్. లోపల చుట్లు తాకి నిరోధం 4 ఓమ్‌లకు పడిపోతే 3.5 ఆంపియర్లు. కంప్యూటర్‌లోని ట్రాన్సిస్టర్ అంత మోయలేక కాలిపోతుంది. చుట్టను వదిలేసి కంప్యూటర్‌ను మార్చినవాడు కొత్తదాన్నీ అదే చితిలో వేసినవాడవుతాడు. అందుకే పాతది ఎందుకు చచ్చిందో తెలియకుండా కొత్తది పెట్టకూడదు.

1990లలో ఊడదీసే చిప్పు పోయి, తీగ ద్వారానే తిరగరాయగల ఫ్లాష్ జ్ఞాపకం వచ్చింది. దాంతోపాటు దొంగల భయంతో ఇమ్మొబిలైజర్ కూడా వచ్చింది. ఐరోపాలో 1998 అక్టోబరు నుంచి కొత్త కార్లకది తప్పనిసరి. తాళంచెవిలోని చిప్పు చెప్పే రహస్య సంఖ్య కంప్యూటర్‌కు తెలిసినదైతేనే ఇంజన్ అంటుకుంటుంది. కాబట్టి పాత సామాను దుకాణంలో సరిగ్గా అలాంటి పెట్టే దొరికినా అది మీ తాళంచెవిని గుర్తుపట్టదు. బయటి ఆకారం ఒకటే అయినా లోపలి ప్రోగ్రాం వేరే గేర్‌బాక్సుకు రాసినదై ఉండవచ్చు. విడిభాగం సంఖ్య కలవాలి, ఆ కారుకు తగిన ప్రోగ్రాం ఎక్కించాలి, కారు గుర్తింపు సంఖ్య రాయాలి, తాళంచెవులు పరిచయం చేయాలి. ప్రోగ్రాం ఎక్కుతుండగా బ్యాటరీ నీరసిస్తే కొత్త కంప్యూటర్ సగం రాసిన పలకలా మిగిలిపోతుంది. అందుకే ఆ పని చేసేంతసేపూ బయటినుంచి స్థిరమైన కరెంటు అందిస్తారు.

తాళం ఎవరి చేతిలో?

మన దేశానికి ఈ కథ కాస్త ఆలస్యంగా వచ్చింది. 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు ఉత్ప్రేరక కన్వర్టర్ తప్పనిసరయింది. 1999లో దేశ రాజధాని ప్రాంతం గురించి సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు కొత్త ప్రమాణాలను తొందరపెట్టాయి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. కార్బురేటర్ కార్లు కనుమరుగవుతూ వచ్చాయి. 2010 ఏప్రిల్‌లో హైదరాబాదుతో సహా 13 నగరాల్లో భారత్ స్టేజ్-4 ప్రమాణాలతోపాటు స్వీయపరీక్షా వచ్చింది. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-6 వచ్చాక మోటారు సైకిళ్లకు కూడా కంప్యూటర్, హెచ్చరిక దీపం వచ్చేశాయి.

దాంతో స్క్రూడ్రైవర్‌తో, చెవితో బతికిన మెకానిక్కు ముందు కొత్త గోడ లేచింది. అతనికి నేర్పు లేక కాదు. ప్రోగ్రాం ఎక్కించే పరికరం, సర్క్యూటు పటాలు, తాళంచెవి రహస్యాలు కంపెనీల దగ్గరే ఉండిపోయాయి. ఓబీడీ-2 తెరిచింది పొగకు సంబంధించిన కిటికీని మాత్రమే. మిగతా ఇంటికి తాళం అలాగే ఉంది.

ఈ విషయం మీద ఒక కారు యజమాని చేసిన ఫిర్యాదుతో భారత పోటీ కమిషన్ విచారణ జరిపింది. విడిభాగాలు, పరీక్షా పరికరాలు, సాంకేతిక సమాచారం స్వతంత్ర మెకానిక్కులకు అందకుండా చేయడం పోటీకి విరుద్ధమని 2014 ఆగస్టులో తీర్పు చెప్పి, 14 కార్ల కంపెనీలకు మొత్తం రూ. 2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో ప్రజలే ఓటువేసి ‘మరమ్మతు హక్కు’ను భారీ ఆధిక్యంతో ఆమోదించారు. మన కేంద్ర ప్రభుత్వం 2022లో ఈ హక్కు గురించి ఒక కమిటీని వేసి, అదే ఏడాది డిసెంబరులో సమాచార పోర్టల్‌నూ ప్రారంభించింది.

కంపెనీల వాదనలో నిజం లేకపోలేదు. ప్రోగ్రాం తాళాలు అందరికీ ఇస్తే దొంగలకూ అందుతాయి. పొగ లెక్కలను ఎవరైనా మార్చేయగలుగుతారు. కానీ తాళం కంపెనీ చేతిలో ఉన్నంతమాత్రాన నిజాయితీకి హామీ లేదని 2015 సెప్టెంబరులో బయటపడింది. పరీక్ష జరుగుతోందని పసిగట్టినప్పుడు మాత్రమే పొగను తగ్గించే ప్రోగ్రాంను ఫోక్స్‌వాగన్ తన డీజిల్ కార్ల కంప్యూటర్లలో పెట్టిందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ప్రకటించింది. ఆ కార్లను నిజమైన రోడ్ల మీద నడిపి, పొగను కొలిచిన విశ్వవిద్యాలయ పరిశోధకుల పనే దీనికి దారితీసింది. అక్కడ హెచ్చరిక దీపం వెలగలేదు, కోడ్ నమోదు కాలేదు. సాక్షికే అబద్ధం నేర్పారు మరి.

అందువల్ల ఇంజనీరింగు, ఐటీఐ, పాలిటెక్నిక్ చదవబోయే మీకు ఈ చరిత్ర రెండు పనులు అప్పగిస్తోంది. మొదటిది, యంత్రం ఇచ్చిన అంకెను తీర్పుగా కాక వాంగ్మూలంగా చూడటం. రెండోది, ఆ వాంగ్మూలాన్ని సరిచూసే పరికరాలు కొందరి చేతుల్లోనే ఉండిపోకుండా చూడటం. కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటరు, ఓమ్ సూత్రం మాత్రం ఏ తాళానికీ లొంగవు. ఈసారి మీకు తెలిసిన కారులో ఆ పసుపుపచ్చ దీపం వెలిగి, ‘కంప్యూటర్ మార్చాలి’ అని ఎవరైనా అంటే ఒక్క ప్రశ్న అడగండి: ఎర్తు తీగ చూశారా?